మానవశాస్త్రమునకు తొలి రెండేండ్లు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో బిడ్డ ఉన్నతపాఠశాల చివరి తరగతికి వచ్చుసరికి ఇంటిల్లిపాదిని ఆవరించు ఆందోళన సామాన్యమైనది కాదు. ఏ విశ్వవిద్యాలయము పిలిచినది, ఏది నిరాకరించినది, బంధుమిత్రుల పిల్లలకు ఎచ్చటెచ్చట ప్రవేశము లభించినది అను విచారణల నడుమ, ఆ పిల్లవాడో, ఆ పిల్లయో, "నేను ముందు రెండేండ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివి, పిదప విశ్వవిద్యాలయమునకు మాఱెదను, చదువదలచినది మానవశాస్త్రము" అని చెప్పినచో, ఆ ఒక్క మాటలోనే తల్లిదండ్రులకు రెండు భయములు కలుగును. ఆ కాలేజీ తక్కువదేమో యను భయ మొకటి. ఆ శాస్త్రము కూడు పెట్టదేమో యను భయము రెండవది. ఈ అధ్యాయము ఆ భయములకు సమాధానము చెప్పుకొనవలసిన విద్యార్థి కొఱకును, బిడ్డమీది ప్రేమచేతనే భయపడుచున్న తల్లిదండ్రుల కొఱకును వ్రాయబడినది. ఇతర శాస్త్రముల మాట యెట్లున్నను, మానవశాస్త్రము కోరు తొలి శిక్షణ కమ్యూనిటీ కాలేజీలో లభించినంత సహజముగా మఱియొకచోట లభించుట అరుదని నా దృఢవిశ్వాసము. అయితే ఆ శిక్షణ అడుగకుండ చేతికి రాదు. ఆ రెండేండ్లను ఎట్లు గడపవలెనో ముందుగా తెలిసికొన్నవారికే అది దక్కును. కాలిఫోర్నియా పద్ధతులు నాకు బాగుగా తెలిసినవి గావునను, మనవారు అచ్చట విస్తారముగా నున్నారు గావునను, ఆ రాష్ట్రమునే ఉదాహరణముగా గ్రహించెదను.

కమ్యూనిటీ కాలేజీల పుట్టుకను ముందుగా తెలిసికొనుట మంచిది, ఏలయన వాని గౌరవము వాని ఉద్దేశములోనే యున్నది. ఇల్లినాయి రాష్ట్రమందలి జోలియెట్ పట్టణమున 1901లో ఆరంభమై నేటికిని నిరంతరాయముగా నడుచుచున్న జూనియర్ కాలేజీ, ఈ కోవకు చెందిన ప్రభుత్వ కళాశాలలలో ప్రాచీనతమమైనది. చికాగో విశ్వవిద్యాలయాధ్యక్షుడైన విలియం రేనీ హార్పరును, ఆ పట్టణ ఉన్నతపాఠశాలాధిపతియైన జె. స్టాన్లీ బ్రౌనును కలిసి ఆలోచించి, విశ్వవిద్యాలయమున తొలి రెండేండ్లు చెప్పు చదువునే, ఊరు విడిచి పోలేని పిల్లలకు ఊరిలోనే చెప్పు నేర్పాటు చేసిరి. కాలిఫోర్నియాలో ఇట్టి విద్యాలయము 1910లో ఫ్రెస్నో పట్టణమున వెలసెను. 1960లో ఆ రాష్ట్రము ఉన్నతవిద్యకు ఒక బృహత్ప్రణాళికను నిర్మించుకొన్నపుడు, ఉన్నతపాఠశాలలనుండి వెలువడు విద్యార్థులలో పై ఎనిమిదవ వంతువారు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకును, పై మూడవ వంతువారు స్టేట్ కాలేజీలకును అర్హులనియు, చదువుకొనగోరు తక్కిన వారందఱికిని జూనియర్ కాలేజీలు తలుపు తెఱచియుంచవలెననియు, అచ్చట బాగుగా చదివినవారిని మూడవ సంవత్సరమున విశ్వవిద్యాలయములు చేర్చుకొనవలెననియు నిర్ణయించెను. కావున ఈ మార్పిడి దొడ్డిదారి యని ఎవ్వరైన అన్నచో, అది ప్రణాళిక వ్రాసిననాడే ముఖద్వారముగా ఉద్దేశింపబడినదని ధైర్యముగా చెప్పవచ్చును. నేడు ఆ రాష్ట్రమున ఇట్టి కాలేజీలు 116 కలవు. రాష్ట్ర నివాసులకు రుసుము యూనిట్ ఒక్కింటికి 46 డాలర్లు. మార్పిడికి కావలసిన 60 యూనిట్లకు అది 2,760 డాలర్లగును. ఆదాయము స్వల్పమైన కుటుంబములకు ఆ రుసుమును మినహాయించు పద్ధతియు కలదు. నివాస నిర్ణయము మాత్రము వీసా తరగతిని బట్టియు, రాష్ట్రమున గడపిన కాలమును బట్టియు మాఱుచుండును గావున, స్నేహితుల మాట నమ్మక, కాలేజీ ప్రవేశ కార్యాలయముననే విచారింపవలెను. విద్యార్థి వీసాపై వచ్చినవారికి రుసుము అనేక రెట్లు ఎక్కువ.

ఇక నేను చెప్పదలచిన ముఖ్యవిషయమునకు వచ్చెదను. ఫ్రీమాంట్ పట్టణములోని కాలేజీలో సాయంకాలము జరుగు సాంస్కృతిక మానవశాస్త్రపు తరగతిని భావించి చూడుడు. అందు పదునెనిమిదేండ్ల పిల్లలతోపాటు, సైన్యమున పనిచేసి వచ్చిన యువకుడును, ఆస్పత్రిలో రాత్రి విధులకు పోవలసిన నర్సింగు సహాయకురాలును, బిడ్డలు పెద్దవారైన పిదప చదువు మొదలుపెట్టిన మెక్సికన్ తల్లియు, ఆ పట్టణమున పెద్దసంఖ్యలో నివసించు ఆఫ్ఘన్ కుటుంబములనుండి వచ్చిన పిల్లయు, ఫిలిప్పీన్ దేశీయులును, చైనా దేశీయులును కూర్చుండుట వింత కాదు. ఆనాటి పాఠము బంధుత్వమనుకొందము. ఎవరి వంశపటమును వారు గీయవలెనని ఉపాధ్యాయుడు చెప్పగా, తెలుగు విద్యార్థి తన తండ్రి సోదరుని పిల్లలను అన్నదమ్ములుగను, అక్కచెల్లెండ్రుగను గుర్తించి, మేనమామ పిల్లలను, మేనత్త పిల్లలను బావమఱదులుగను, వదినామఱదండ్రుగను వేఱు వరుసలో చేర్చును. ప్రక్కనున్న ఆఫ్ఘన్ విద్యార్థిని, తమవారిలో పినతండ్రి బిడ్డను వివాహమాడుట సమ్మతమేయని చెప్పును. తెలుగువాని కది తోబుట్టువుతో వివాహమువలె తోచి మనస్సు కలవరపడును. మేనమామ కూతురితో పెండ్లి మాట వినగానే తరగతిలో మఱికొందఱి మనస్సు అంతకంటె ఎక్కువగా కలవరపడును. ఉపాధ్యాయుడు ఏమియు బోధింపకముందే, ఏ వరుస సహజమైనది, ఏది నిషిద్ధము అను విషయమున తాను ప్రకృతిధర్మమని నమ్మినది తన సంఘము చేసికొన్న ఏర్పాటని ఆ విద్యార్థికి ఆ క్షణమున తెలియును. ఒకే విధమైన పాఠశాలలనుండి, ఒకే విధమైన మార్కులతో, ఒకే వయస్సున వచ్చిన పిల్లలతో నిండిన తరగతిలో ఈ పాఠము పుస్తకములోని అక్షరముగనే మిగిలిపోవు ప్రమాదము కలదు.

మన బంధుత్వపు వరుసలు ఈ శాస్త్రమునకు క్రొత్తవి కావు. అవి దాని పునాదిలోనే యున్నవి. న్యూయార్క్ రాష్ట్రమందలి రోచెస్టరులో న్యాయవాదిగా నుండిన లూయిస్ హెన్రీ మోర్గన్, సెనెకా తెగవారి బంధుత్వ పదములను పరిశీలించిన పిదప, ప్రపంచమందలి నానాజాతుల వరుసలను లేఖలద్వారా సేకరించి, 1871లో స్మిత్సోనియన్ సంస్థ ప్రచురించిన మహాగ్రంథమున పట్టికలుగా కూర్చెను. ఆ పట్టికలలో తమిళముతోపాటు తెలుగు వరుసలు కూడ కలవు. సెనెకావారి వరుసలకును, దాక్షిణాత్యుల వరుసలకును గల పోలికయే ఆయనను అత్యంతముగా ఆశ్చర్యపఱచిన విషయము. ఈనాటికిని ఆంత్రొపాలజీ పాఠ్యపుస్తకములలో ద్రావిడ బంధుత్వ పద్ధతి ఒక ప్రధానాంశము. మన ఇంటిలో అమ్మమ్మ నేర్పిన వరుసలు ఒక శాస్త్రమునకు నూటయేబది యేండ్లుగా విచారణీయముగా నున్నవని తెలిసిన బిడ్డకు, తన భాషమీద కలుగు గౌరవము వేఱు విధముగా కలుగునది కాదు.

చదువవలసిన పాఠ్యాంశములను గూర్చి చెప్పవలసినది కొంత కలదు. కొలంబియా విశ్వవిద్యాలయమున ఫ్రాంజ్ బోయస్ నెలకొల్పిన సంప్రదాయము ననుసరించి, అమెరికాలో ఈ శాస్త్రము నాలుగు శాఖలుగా చెప్పబడుచున్నది: మానవుని దేహమును, పరిణామమును విచారించు జైవిక శాఖ, సంఘజీవనమును విచారించు సాంస్కృతిక శాఖ, పురావస్తు శాఖ, భాషా శాఖ. కమ్యూనిటీ కాలేజీలో మొదటి మూడింటికి ప్రవేశ పాఠములు సాధారణముగా దొరకును. నాలుగవది అన్నిచోట్ల దొరకదు. విశ్వవిద్యాలయములలో కొన్ని మూడింటిని మాత్రమే కోరును, కొన్ని నాలుగింటిని కోరును. జైవిక మానవశాస్త్రమును ప్రయోగశాలతో కూడ తీసికొనుట ఉత్తమమని నా సలహా. 1974లో ఇథియోపియాలోని హదార్ ప్రాంతమున దొరికిన, సుమారు 32 లక్షల సంవత్సరముల నాటి "లూసీ" అస్థుల నమూనాలను చేతిలోనికి తీసికొని, కటిని, తొడయెముకను చూచి, ఈ జీవి రెండు కాళ్లపై నడిచినదని స్వయముగా నిర్ణయించుకొన్న విద్యార్థికి ఆ యెఱుక జీవితాంతము నిలుచును. వ్యావహారికముగను లాభము కలదు: ప్రయోగశాలతో కూడిన ఆ పాఠము సామాన్యవిద్యలోని విజ్ఞానశాస్త్ర నియమమును తీర్చును, సాంస్కృతిక, పురావస్తు పాఠములు సాంఘికశాస్త్ర నియమమును తీర్చును. కావున ఒక సంవత్సరము చదివి, ఈ శాస్త్రము తనకు తగదని తెలిసికొని వేఱొక దారి పట్టినను, చదివినదేదియు వ్యర్థము కాదు. తల్లిదండ్రులకు ఈ యొక్క విషయము నెమ్మదిగా వివరించినచో వారి మనస్సు సగము కుదుటపడును.

పుస్తకముల ఖర్చునకు వెఱవ నక్కఱలేదు. కమ్యూనిటీ కాలేజీలలో ఈ శాస్త్రమును బోధించువారి సంఘ మొకటి అమెరికన్ ఆంత్రొపలాజికల్ అసోసియేషనులో అంతర్భాగముగా నున్నది. వారు సాంస్కృతిక శాఖకు "పర్‌స్పెక్టివ్స్" అను పుస్తకమును 2017లోను, జైవిక శాఖకు "ఎక్స్‌ప్లొరేషన్స్" అను పుస్తకమును 2019లోను, ఎవ్వరైనను ఉచితముగా చదువుకొనునట్లు ఇంటర్నెట్టులో ప్రకటించిరి. కాలేజీలో చేరకముందే, వేసవి సెలవులలో వానిలోని రెండు మూడు అధ్యాయములను చదివి చూచినవారికి, ఈ శాస్త్రము తమకు రుచించునో లేదో అప్పుడే తెలిసిపోవును.

ఇప్పుడు కాలమును గూర్చిన మాట. విద్యార్థులు అధికముగా మోసపోవునది ఇచ్చటనే. రెండేండ్ల చదువని చెప్పబడుచున్నను, విశ్వవిద్యాలయమునకు చూపవలసిన చదువు నిజమునకు ఒక్క సంవత్సరముదే. ఆగస్టులో చేరిన విద్యార్థి మఱుసటి సంవత్సరము అక్టోబరు, నవంబరు మాసములలో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు దరఖాస్తు పంపవలెను. ముందస్తు ప్రవేశ హామీ కోరువారు సెప్టెంబరు నెలలోనే కోరవలెను. ఆనాటికి చేతనుండునవి రెండు సెమిస్టర్ల మార్కులు, వేసవిలో చదివినచో అవియును మాత్రమే. ట్యాగ్ అని పిలువబడు ఆ హామీని డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపసులు ఇచ్చుచున్నవి. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్‌డియాగో ఇచ్చుట లేదు. రాష్ట్ర నివాసుల సామాన్య ప్రవేశార్హతకు జీపీఏ 2.4 చాలునని నియమమున్నను, పోటీ దానికి చాల పైన నుండును. పూర్వపు స్టేట్ కాలేజీల వ్యవస్థయైన స్టేట్ యూనివర్సిటీకి పోదలచినవారికి, 2010 నాటి చట్టమువలన ఏర్పడిన మార్పిడి పట్టా మానవశాస్త్రమునందును కలదు. దానిని పొందినవారికి ఆ వ్యవస్థలో ఏదో యొక క్యాంపసున స్థానము నిశ్చయము, మిగిలిన 60 యూనిట్లతో పట్టభద్రులు కావచ్చును. అయితే కోరిన క్యాంపసే దొరకునను హామీ మాత్రము లేదు.

ఏ కాలేజీలోని ఏ పాఠమును ఏ విశ్వవిద్యాలయము తన పాఠమునకు సమానముగా అంగీకరించునో తెలుపు "అసిస్ట్" అను అధికారిక పట్టిక కలదు. చేరిన మొదటి మాసములోనే, పోదలచిన మూడు నాలుగు విశ్వవిద్యాలయముల పుటలను అందు తెఱచి, ప్రతులు తీసికొని, వానితో కౌన్సెలరువద్దకు పోయి, నాలుగు సెమిస్టర్ల ప్రణాళికను వ్రాతపూర్వకముగా చేయించుకొనవలెను. కౌన్సెలర్ల మీద విద్యార్థుల భారము అపారము గావున, ఏమియు చదువకుండ పోయి "నేనేమి చేయవలెను?" అని యడిగిన విద్యార్థికి సామాన్యమైన సమాధానమే లభించును, పట్టిక చూచుకొని పోయి, "ఈ పాఠము ఇచ్చట రెండేండ్లకొకసారియే చెప్పబడుచున్నదా?" అని యడిగినవానికి ఉపయోగకరమైన సమాధానము లభించును. డీ ఆంజా, ఫుట్‌హిల్ కాలేజీలలో సెమిస్టర్లకు బదులు క్వార్టర్లు నడుచుచున్నవి గావున, అచ్చట 60 యూనిట్లకు బదులు 90 యూనిట్లు లెక్కింపవలెను.

ఆలస్యమునకు గల ప్రమాదమును మన రైతుల యనుభవముతో చెప్పుదును. నారుమడిలో నారు దట్టముగా, పచ్చగా నున్నదని సంతసించి అచ్చటనే ఉంచివేసినచో అది ముదిరిపోవును. ముదురు నారును ఎంత మంచి పొలమున నాటినను పిలకలు తక్కువగా వేయును. కాలేజీ సుఖముగా నున్నదని, ఇంటికి దగ్గఱనున్నదని, ఉద్యోగ మొకటి దొరికినదని మూడేండ్లు, నాలుగేండ్లు అచ్చటనే నిలిచిపోవు విద్యార్థులు అనేకులు కలరు. కుటుంబభారమువలన నిలిచినవారి సంగతి వేఱు. వారిని తప్పుపట్టు హక్కు ఎవ్వరికిని లేదు. అట్టి కారణము లేనివారు మాత్రము, తొలి రెండేండ్ల స్థాయి పాఠముల యూనిట్లను యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా 70 సెమిస్టర్ యూనిట్లవఱకే పట్టాలో లెక్కించునని గుర్తుంచుకొనవలెను.

ఈ రెండేండ్లలో అలవఱచుకొనవలసిన అభ్యాసము ఒక్కటి కలదు. దానిని ఏ పరీక్షయు అడుగదు. ప్రతిదినము ఒక చోట కొంతసేపు నిలిచి, చూచినది చూచినట్లు వ్రాయుటయే అది. ట్రోబ్రియాండ్ దీవులలో చిరకాలము నివసించి, 1922లో తన గ్రంథమును ప్రకటించిన మాలినోవ్‌స్కీ మొదలుకొని ఈ శాస్త్రజ్ఞులకందఱికిని అట్లు వ్రాసికొను నోటుపుస్తకమే పరికరము. ఎక్కడికో పోనక్కఱలేదు; బస్సుస్టాపు చాలును, ఊరిలోని సంత చాలును, లాండ్రీ దుకాణము చాలును. ఎవరు ఎవరిప్రక్కన కూర్చుండిరి, ఎవరు ముందు పలుకరించిరి, ఏ భాషలో మొదలుపెట్టి ఏ భాషలోనికి మాఱిరి, ధర ఎవరు అడిగిరి, డబ్బు ఎవరు చెల్లించిరి అను విషయములను వ్రాయుచు, "ఆమె విసుగుకొన్నది" అను తన యూహను, "ఆమె రెండుసార్లు గడియారము చూచినది" అను తాను చూచినదానినుండి వేఱుచేసి వ్రాయుట నేర్వవలెను. ఊహను చూపునుండి వేఱుచేయుట వినుటకు తేలిక. చేయబూనినచో మాసములు పట్టును. ప్రారంభించిన వారమున వ్రాసినదానిని, ఆఱు నెలల పిదప వ్రాసినదానిని ప్రక్కప్రక్కన పెట్టి చదివినచో ఎదుగుదల కన్నులకు కట్టును.

పరాయివారిని కొంతకాలము చూచి చేయి తిరిగిన పిదప, మనవారిని చూడబూనవలెను. లివర్‌మోరు దేవాలయమున ఆదివారము ఒక మధ్యాహ్నము కూర్చున్నచో, ప్రసాదశాలలో ఏ కుటుంబములు కలిసి భుజించుచున్నవి, క్రొత్తగా పరిచయమైనవారిని మనవారు ఏ జిల్లా, ఏ ఊరు, ఏ యింటిపేరు అని విచారించుచు ఏ సమాచారమును రాబట్టుచున్నారు అను సంగతి గోచరించును. కులమును గూర్చి మన ఇండ్లలో బిడ్డలకు చెప్పకుండుట అభ్యుదయమని భావించుదుము. చెప్పకున్నను అది పెండ్లి సంబంధములలోను, సంఘముల నాయకత్వములోను పనిచేయుచునే యుండును. మానవశాస్త్ర విద్యార్థికి దానిని చూడకుండుటకు అధికారము లేదు. ఆ చూపు తన కుటుంబముమీదనే పడినపుడు బాధ కలుగును. ఆ బాధను సహించి, ఎవ్వరిని నిందింపకయు, ఏమియు దాచకయు వ్రాయుట ఈ విద్యలోకెల్ల కష్టమైన భాగము.

వ్రాతలో ఎంత బాధ్యత యున్నదో కాలిఫోర్నియా నేలయే చెప్పును. 1911లో ఓరవిల్ పట్టణ సమీపమున, తనవారందఱు నశింపగా ఒంటరిగా మిగిలిన యాహీ తెగ మనుష్యుడు కనబడగా, బర్క్‌లీ ఆచార్యుడైన ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ అతనిని శాన్‌ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయ ప్రదర్శనశాలకు రప్పించెను. ఇషీ అని పిలువబడిన ఆ మనుష్యుడు అచ్చటనే నివసించి, తన భాషను, విద్యలను వారికి నేర్పి, 1916లో క్షయరోగమున మరణించెను; అతని మెదడు స్మిత్సోనియన్ సంస్థకు పంపబడి, 2000 సంవత్సరమునకు గాని అతని జాతి బంధువులకు తిరిగి చేరలేదు. ఆ క్రోబరే 1925లో ప్రకటించిన బృహద్గ్రంథమున, శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతమునకు ఇరుప్రక్కల వసించిన ఒహ్లోనీలను, ఆనాడు కోస్టనోవన్ అని పిలువబడినవారిని, అంతరించినవారిగనే లెక్కించెను. వారు అంతరింపలేదు. 1797లో స్థాపింపబడిన మిషన్ శాన్ హోసే ఫ్రీమాంటులో నేటికిని నిలిచియున్నది. దానిలో పని చేసినవారి సంతతి ఆ అఖాత ప్రాంతముననే జీవించుచు, తమను ఒక తెగగా తిరిగి గుర్తింపుమని ప్రభుత్వమును కోరుచునే యున్నారు. ఆ పట్టణపు కాలేజీ వారి పేరనే ఒహ్లోనీ కాలేజీ అని పిలువబడుచున్నది. మహాపండితుడు వ్రాసిన ఒక్క వాక్యము సజీవులైన జనులకు ఎంత హాని చేయగలదో ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము లేదు. 2021లో బర్క్‌లీ విశ్వవిద్యాలయము మానవశాస్త్ర భవనమునుండి క్రోబర్ పేరు తొలగించెను. ఆయన భాషలను రక్షించుటకు చేసిన కృషి నిజము, చేసిన హానియు నిజము. రెండింటిని కలిపి చదువుటకు అలవాటుపడుడు. కావున ఎవరితోనైన సంభాషించి వ్రాయదలచినచో, ముందు ఉపాధ్యాయుని సమ్మతియు, పిదప ఆ మనుష్యుని సమ్మతియు పొందవలెను, పేరు మార్చవలెను, వలదన్నచో మానవలెను.

ఉపాధ్యాయుల విషయమున కమ్యూనిటీ కాలేజీకి గల మేలు అనన్యము. పెద్ద విశ్వవిద్యాలయమున ప్రవేశ పాఠమునకు వందలమంది కూర్చుండగా, వ్యాసములను పరిశోధక విద్యార్థులు దిద్దుదురు. ఇచ్చట పాఠము చెప్పినవారే మీ వ్యాసమును చదివి దిద్దుదురు. వారిలో పెక్కుమంది ఒకే వారమున రెండు మూడు కాలేజీలలో బోధించుచు, కారులోనే సగము దినము గడపువారు. వారి కాలమును గౌరవింపుడు. నిర్ణీత వేళలకే పోయి, చదివిన ప్రకరణమును గూర్చి ఒక్క మంచి ప్రశ్న నడుగుడు. విద్యార్థి వేతనములకు దరఖాస్తు చేయునపుడు మిమ్ము గూర్చి సత్యముగా వ్రాయగలవారు వారే.

ఉద్యోగమును గూర్చి ఇంట ప్రశ్న వచ్చినపుడు, కోపపడక, "నాన్నగారూ, నాకు తెలిసినంతవఱకు చెప్పెదను" అని మొదలుపెట్టి, ఉన్నది ఉన్నట్లు చెప్పుడు. ఆచార్యపదవికి డాక్టరేటు కావలెను, ఆ పదవులు అల్పము. దానిని దాచుట తగదు. అయితే 1966 నాటి జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టమువలన, కేంద్రప్రభుత్వ ధనముతోనో అనుమతితోనో రహదారియో ఆనకట్టయో కట్టకముందు ఆ స్థలమున పురాతన చిహ్నములున్నవా యని పరిశీలింపవలసి యుండును; దేశమందు పురావస్తు శాస్త్రజ్ఞులలో అధికసంఖ్యాకుల జీవనోపాధి ఆ పరిశీలనయే. ఆప్టాసులోని కబ్రిల్లో కాలేజీ ఆ పనికి వలయు సాంకేతిక శిక్షణను ఇచ్చుచున్నది. కంప్యూటరు పరిశ్రమయందు పనిచేయు తండ్రికి మఱియొక ఉదాహరణము మఱింత హత్తుకొనును: బర్క్‌లీలో మానవశాస్త్రమున డాక్టరేటు పొందిన లూసీ సచ్‌మన్, పాలో ఆల్టోలోని జెరాక్స్ పరిశోధనశాలలో, మనుష్యులు నకళ్లు తీయు యంత్రముతో ఎట్లు పెనుగులాడుచున్నారో చూచి, మానవుడు ముందు వేసికొన్న పథకమును బట్టి గాక అప్పటికప్పుడు ఎదురైన పరిస్థితిని బట్టి పనిచేయునని 1987లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను, యంత్రములను రూపొందించువారి ఆలోచనను ఆ గ్రంథము మార్చివేసెను. శాన్‌హోసే స్టేట్ యూనివర్సిటీలో ఇంగ్లిష్-లూక్ అను ఆచార్యురాలు తన సహచరులతో కలిసి సిలికాన్ వ్యాలీ కుటుంబముల జీవనమునే క్షేత్రముగా గ్రహించి, 2002లో ఒక గ్రంథమును ప్రకటించెను. అనగా, భోజనముల బల్లవద్ద లాప్‌టాప్ తెఱచి పనిచేయు తండ్రియే ఈ శాస్త్రమునకు పరిశోధనావిషయము. ఈ మాట విన్న తండ్రి కొంచెము నవ్వి, పిదప ఆసక్తితో ప్రశ్నలు వేయుట నేను చూచియున్నాను.

మార్పిడి జరిగిన పిదప తొలి మాసములు కఠినముగా నుండును. బర్క్‌లీ, మెర్సెడ్ తప్ప యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపసులన్నియు పదివారముల క్వార్టర్లలో నడుచును. మూడవ వారమునకే పరీక్ష వచ్చును, చదువవలసిన పుటలు రెట్టింపగును, మార్కులు కొంత తగ్గును. అది అనర్హతకు చిహ్నము కాదు. మొదటి క్వార్టరున పాఠములు తక్కువగా తీసికొని, శాఖలోని సలహాదారుని మొదటి వారముననే కలిసి, ఆనర్స్ పరిశోధనకు ఎప్పుడు పేరు నమోదు చేయవలెనో అడిగి తెలిసికొనవలెను. రెండేండ్లే మిగిలియున్నవి గావున ఆ గడువు త్వరలోనే వచ్చును.

చివరగా, కమ్యూనిటీ కాలేజీలోని రెండు సంవత్సరముల నడుమ వచ్చు వేసవిని గూర్చి చెప్పవలసి యున్నది. ఆ సెలవులలో తెలుగునాటికి పోవు అవకాశము గలవారు, ప్రయాణమునకు ముందు గ్రంథాలయమునుండి ఎస్. సి. దూబే 1955లో ప్రకటించిన "ఇండియన్ విలేజ్" తెప్పించుకొని చదువవలెను. హైదరాబాదునకు సమీపమునగల శామీర్‌పేట గ్రామమే అందలి వస్తువు. అడవులవైపు మనస్సు గలవారు, నిజాము రాజ్యమున పనిచేసిన ఫ్యూరర్-హైమెండార్ఫ్ చెంచులను గూర్చి 1943లోను, కొండరెడ్లను గూర్చి 1945లోను, ఆదిలాబాదు రాజగోండులను గూర్చి 1948లోను ప్రకటించిన గ్రంథములను చూడవచ్చును. చదివిన పిదప తాతగారి ఊరికి పోయి, అమ్మమ్మవద్దనో, ఆ యింట చిరకాలముగా పనిచేయుచున్న వృద్ధురాలివద్దనో కూర్చుండి, వారు చిన్ననాడు ఏ బావినీరు త్రాగిరి, ఏ వీధిన నడువవచ్చును, ఏ వీధిన నడువరాదు, పెండ్లికి ఎవరు ఏమి తెచ్చిరి అని యడిగి, అనుమతి యున్నచో మాటలను ధ్వనిముద్రణము చేసి, వారి పలుకులో నున్నట్లే తెలుగులో వ్రాయవలెను. ఇద్దఱివద్దను అడిగినచో ఒకే ఊరు రెండు ఊళ్లుగా కనబడును, రెండును వ్రాయుడు. వ్రాసినదానిని తిరుగు ప్రయాణమునకు ముందే ఇద్దఱికిని చదివి వినిపించి, కాదన్నచోట దిద్ది, వలదన్నచోట కొట్టివేసి, మిగిలినదానికి ఒక్కొక్క ప్రతి వారికే ఇచ్చి రావలెను.